ఎన్ని రెట్లో చెప్పారు సరే, దేనితో పోల్చారు?

పరిశోధన పత్రాలు చదివే అలవాటున్నవాళ్లకి ఈ వాక్యం బాగా తెలుసు: ఫలానా జన్యువు వ్యక్తీకరణ మూడు రెట్లు పెరిగింది. లేదంటే, ఫలానా ప్రోటీన్ సగానికి తగ్గింది. చదవగానే తలూపి ముందుకు పోతాం. మీరు మాత్రం తలూపకండి. మూడు రెట్లంటే దేనికి మూడు రెట్లు? ఎవరితో పోలిస్తే? ఆ పోలికకి మనిషిని ఎంచింది ఎవరు? ఇవి ల్యాబ్ వాళ్ల లోపలి గొడవలు, మనకెందుకులే అనుకుంటే మోసపోతాం. తిరుపతి, చిత్తూరు జిల్లాల యానాది, ఎరుకల, సుగాలి ఇళ్లలో పుట్టినవాళ్లకి ఇవి సొంత ప్రశ్నలు. కొలిచే చెట్టు మన కొండది. రేపు కొలవబోయే రక్తం మనది.

ముందు విషయం అర్థం కావాలి. తిరుమల పోటునే తీసుకోండి. లడ్డూకి ఏ సరుకు ఎంత వెయ్యాలో దిట్టం ఉంటుంది. అది రోజూ మారదు. ఈరోజు ఎన్ని లడ్డూలు కావాలన్నది మాత్రం రోజూ మారుతుంది. మామూలు రోజు ఒక లెక్క, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు ఇంకో లెక్క. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఇట్లాంటి పనే నడుస్తుంటుంది. డీఎన్‌ఏలోని జన్యువు దిట్టం అనుకోండి. అవసరాన్ని బట్టి దాన్నుంచి కణం చీటీలు రాసుకుంటుంది. ఆ చీటీ పేరు ఎంఆర్‌ఎన్‌ఏ. చీటీ ప్రకారం తయారయ్యేది ప్రోటీన్. చీటీలు ఎన్నున్నాయో లెక్కపెడితే అది జన్యు వ్యక్తీకరణను కొలవడం. తయారైన సరుకును లెక్కపెడితే అది ప్రోటీన్‌ను కొలవడం. చీటీలు పెరిగినంత మాత్రాన సరుకు కూడా అంతే పెరగాలని లేదు. అందుకే మంచి పరిశోధకులు రెండూ కొలుస్తారు.

చీటీలు లెక్కపెట్టడానికి వాడేది ఆర్‌టీ-పీసీఆర్. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి తీసిన నమూనాకి చేసిన పరీక్ష ఈ రకానిదే. చీటీని డీఎన్‌ఏ నకలుగా మార్చి, ఒక్కో విడతకి రెట్టింపు చేసుకుంటూ పోతారు. ఒక నమూనా ఇంకోదానికన్నా మూడు విడతలు ముందే కనపడితే, అందులో చీటీలు సుమారు 8 రెట్లు ఎక్కువ ఉన్నట్టు. ప్రోటీన్లకైతే వెస్టర్న్ బ్లాట్ చేస్తారు. ప్రోటీన్లను సైజు ప్రకారం జెల్‌లో విడదీసి, పొర మీదకి ఎక్కించి, యాంటీబాడీతో పట్టుకుని, గీత ఎంత ముదురుగా పడిందో చూస్తారు. ఏ పద్ధతైనా చివరికి పత్రంలో కనిపించేది చాలావరకు ఒక నిష్పత్తి. మందు తాగించిన ఎలుక పైన, తాగించని ఎలుక కింద. రోగి పైన, ఆరోగ్యవంతుడు కింద. పైనున్న అంకెని అందరూ చూస్తారు. కిందున్న అంకెని అడిగేవాళ్లే తక్కువ. మన తగువంతా ఆ కింది అంకె మీదే.

మొదట చెట్టు సంగతి చూద్దాం.

ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద మన శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల కొండల చుట్టుపక్కలే. చెక్కని సాన మీద అరగదీసి ఆ గంధం వాపులకీ, తలనొప్పికీ పూయడం ఇక్కడి పాత వైద్యం. 2001లో కొరియా పరిశోధకులు ఆ చెక్కలోంచి సావినిన్ అనే పదార్థాన్ని వేరుచేసి, కణాల మీద పరీక్షించారు. వాపును పెంచే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే ప్రోటీన్ ఉత్పత్తి తగ్గిందని రాశారు. అంటే మన అవ్వ సాన మీద చేసినదానికి కొరియాలో ప్రోటీన్ భాషలో ఒక అంకె దొరికింది. అదే 2001లో మన తిరుపతిలోనే, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం బయోకెమిస్ట్రీ విభాగం వాళ్లు ఎర్రచందనం బెరడు కషాయాన్ని షుగర్ ఉన్న ఎలుకలకి తాగించి, రక్తంలో చక్కెర తగ్గిందని ప్రచురించారు.

ఈ పనిని తప్పుపట్టడం లేదు. 1990లో ఇదే విశ్వవిద్యాలయం నుంచి రాయలసీమ మూలికల సర్వే వచ్చింది. 1997లో చిత్తూరు జిల్లా గిరిజన వైద్యం మీద తిరుపతిలో ఒక పుస్తకమే అచ్చయింది. అవి రాకపోయుంటే ఆ తెలివి కొంత మన ముసలోళ్లతోపాటే మట్టిలో కలిసేది. మన అభ్యంతరం ఆ తర్వాతి మెట్టు దగ్గర. ఒక మొక్క మీద ఎవరైనా పరిశోధన మొదలుపెట్టినప్పుడు, ఇన్ని వేల మొక్కల్లో దాన్నే ఎందుకు తీసుకున్నారు? ఎవరో గిరిజనుడు ఇది పనిచేస్తుందని చెప్పాడు కాబట్టి. ఆ మాట లేకపోతే అడవంతా గాలించాలి. ఏళ్లు పట్టే వెతుకులాటని తప్పించిన ఆ మాటకి పత్రంలో దక్కేది మొదటి పేరాలో ఒకే ముక్క: "స్థానిక గిరిజనులు వాడుదురు." ఏ ఊరు, ఏ తెగ, ఎవరిని అడిగారు, వాళ్లు ఒప్పుకున్నారా అన్నది చాలాసార్లు ఉండదు. ఎలుక జాతి పేరు రాస్తారు. అది ఎన్ని గ్రాములుందో రాస్తారు. యాంటీబాడీ ఏ కంపెనీదో రాస్తారు. మందు చెప్పిన మనిషి తెగ పేరుకి మాత్రం చోటుండదు. పొలంలో ఎలుకలు పట్టి బతికిన యానాదికన్నా ల్యాబ్‌లో ఎలుకకే ఎక్కువ గుర్తింపు.

ఇదే చెట్టు చుట్టూ ఇంకో లెక్క కూడా ఉంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. ఎర్రచందనం కొట్టడానికి తమిళనాడు నుంచి వచ్చిన కూలీలని చెప్పారు. వాళ్లలో జవ్వాది కొండల గిరిజనులూ ఉన్నారు. ఆ చెట్టు దుంగకి ఎంత ధర పలుకుతుందో అందరికీ తెలుసు. ఆ చెట్టు గురించి తెలిసిన తెలివికి ధర ఎంతో మాత్రం ఎవరూ లెక్కకట్టలేదు.

లెక్కకట్టడం కుదరదా అంటే, కుదురుతుంది. పక్కనే కేరళలో జరిగింది. అగస్త్య కొండల్లోని కాణి గిరిజనులు అలసట రాకుండా ఆరోగ్యపచ్చ అనే మొక్క కాయలు తింటారు. వాళ్లు చెప్పిన ఆ సంగతి మీదే తిరువనంతపురం ఉష్ణమండల వృక్షశాస్త్ర సంస్థ వాళ్లు జీవని అనే మందు తయారుచేశారు. లైసెన్స్ ఫీజులోనూ, రాయల్టీలోనూ సగం కాణిలకి ఇవ్వాలని 1990లలోనే ఒప్పుకున్నారు. ఆ కథలోనూ లోపాలున్నాయి, తగువులున్నాయి. అయినా సగం అనే అంకె కాగితం మీదకి ఎక్కింది. మన శేషాచలం మీద అట్లాంటి కాగితం ఏది?

చట్టం ఉంది కదా అంటారు. 2002 జీవవైవిధ్య చట్టం వాటా ఇవ్వాలనే చెప్పింది. 2023లో దాన్ని సవరించారు. పాత ఆయుర్వేద గ్రంథాల వంటి వాటిలో రాసివున్న జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకి వాటా బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. రక్తచందనం ఆ గ్రంథాల్లో ఉంది. యానాది అవ్వ దగ్గర గ్రంథం లేదు, నోటిమాట ఉంది. పుస్తకం దారిలో పోయేవాడికి గేటు తెరిచారు. నోటిమాటకి ఉన్న హక్కు కాగితం మీదే ఉండిపోయింది. పైగా మన జిల్లాలు ఐదో షెడ్యూల్ ప్రాంతంలో లేవు. పెసా గ్రామసభ రక్షణ మనకి లేదు. మనకి మిగిలిన గట్టి ఆయుధం 2006 అటవీ హక్కుల చట్టం. అందులో సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సముదాయానికి హక్కుందని స్పష్టంగా చెబుతోంది. పట్టాల కోసం ఈ చట్టాన్ని వాడుతున్నాం. తెలివి కోసం కూడా వాడాలి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. గిన్నెలో కణాల మీద ఒక ప్రోటీన్ తగ్గినంత మాత్రాన అది మందు అయిపోదు. ఎలుకలో చక్కెర తగ్గితే మనిషిలో తగ్గుతుందని హామీ లేదు. 2021లో ఒక పెద్ద అంతర్జాతీయ ప్రయత్నం ఫలితాలు బయటికొచ్చాయి. పేరున్న పత్రికల్లో వచ్చిన 23 క్యాన్సర్ పత్రాల్లోంచి 50 ప్రయోగాలు మళ్లీ చేసి చూశారు. మొదట కనిపించిన ప్రభావాలు రెండోసారి చేసినప్పుడు చాలావరకు చిన్నవైపోయాయి. మధ్యస్థంగా చూస్తే 85 శాతం తక్కువ. పెద్ద పెద్ద ల్యాబ్‌ల గతే అది. కాబట్టి "మా ఆకు జన్యువుల స్థాయిలో పనిచేస్తుందని నిరూపించారు" అని ఫేస్‌బుక్‌లో పొడి పొట్లాలు అమ్మేవాళ్లని కూడా ఇదే ప్రశ్న అడగండి. ఎన్ని ఎలుకలు? దేనితో పోల్చారు? మన మందు అన్న అభిమానం కొలతకి బదులు కాదు.

ఇప్పుడు రక్తం సంగతి. దీని మీద ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

యానాది, ఎరుకల, సుగాలీల బ్లడ్ గ్రూపుల మీద మానవశాస్త్ర పత్రాలు దశాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు కాలం మారింది. బ్లడ్ గ్రూప్ దగ్గర ఆగరు. ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చూసే యంత్రాలు మామూలైపోయాయి. తిరుపతిలోనూ, దాని చుట్టుపక్కలా వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, స్విమ్స్, ఐసర్ ఉన్నాయి. రేపు ఎస్టీ కాలనీలకి రక్తం కోసం వస్తారు. రావాలి కూడా. వచ్చినప్పుడు కింది అంకెగా ఎవరిని పెడతారన్నది ఈరోజే తేల్చుకోవాలి.

ప్రపంచంలో "మామూలు" మనిషి అవయవాల్లో ఏ జన్యువు ఎంత పనిచేస్తుందో చూడాలంటే ఎక్కువమంది తెరిచేది జీటెక్స్ అనే అమెరికా నిధి. 2020లో దాని తుది ఫలితాలు వచ్చాయి. ఆ దాతల్లో సుమారు 85 శాతం యూరప్ మూలాలున్న అమెరికన్లు. తడ దగ్గర రొయ్యల గుంట కాపలా కాసే మనిషిని, సత్యవేడు దగ్గర ఇటుక బట్టీలో పనిచేసే తల్లిని ఆ "మామూలు"తో పోల్చి, వీళ్లలో వాపు జన్యువులు రెండు రెట్లు ఎక్కువ అని రాస్తే అది అబద్ధం కాదు. అంకె నిజమే కావచ్చు. అర్థం మాత్రం తలకిందులు.

ఎందుకంటే వ్యక్తీకరణ పుట్టుక మీదొక్కదాని మీదే ఆధారపడదు. పొగ, ఆకలి, నిద్ర, జబ్బు అన్నీ దాన్ని కదిలిస్తాయి. సిగరెట్ తాగేవాళ్ల శ్వాసనాళాల కణాల్లో ఎన్నో జన్యువుల పని మారుతుందని 2004లో బోస్టన్ పరిశోధకులు చూపించారు. మానేశాక కొన్ని మళ్లీ సర్దుకున్నాయి, కొన్ని ఏళ్లు గడిచినా సర్దుకోలేదు. సిగరెట్ పొగే ఇంత చేస్తే, బట్టీ పొగా కట్టెల పొయ్యి పొగా కలిసి ఎంత చేస్తాయో లెక్కలో వెయ్యొద్దా? ఆకలి సంగతి ఇంకా ఘోరం. 1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధంలో హాలెండ్ జనం ఆకలితో అల్లాడారు. అప్పుడు కడుపులో ఉన్న బిడ్డల్ని అరవై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, ఎదుగుదలకి సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీదుండే రసాయన గుర్తులు తోబుట్టువులకన్నా తక్కువగా కనిపించాయి. అట్లాంటి గుర్తులే జన్యువు పనిని అదుపు చేస్తుంటాయి. ఒక్క చలికాలం ఆకలికి అంత. తరాల ఆకలికి ఎంత?

ఇక్కడే పాత విషం గుర్తుకొస్తుంది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 నుంచి అది మద్రాసు ప్రాంతానికీ వచ్చింది. ఎరుకలలు, యానాదులు ఆ ముద్ర మోశారు. పుట్టుకలోనే నేరముందని రాసి, వేలిముద్రలు తీసుకుని, హాజరు పట్టీలు పెట్టారు. దేశమంతటా అది రద్దయింది 1952లో. పేదరికాన్ని రక్తంగా చూపించడం వాళ్లకి తెలిసిన విద్య. రేపు ఎవరైనా బట్టీని కొలవకుండా రక్తాన్ని మాత్రమే కొలిచి, "ఈ తెగలో ఈ లక్షణం ఎక్కువ" అని శీర్షిక పెడితే, అదే విద్య కొత్త యంత్రంతో చేసినట్టు. అసలు జన్యు వ్యక్తీకరణ శాస్త్రం చెప్పేది దానికి సరిగ్గా ఎదురు. దిట్టం ఒకటే అయినా పరిస్థితిని బట్టి చీటీలు మారతాయని చెప్పే శాస్త్రమిది. సరిగ్గా వాడితే ఆ పాత ముద్రని చెరిపేసే సాక్ష్యం మన చేతికొస్తుంది.

కొలత తీరులోనూ మోసపోవచ్చు. ఎంఆర్‌ఎన్‌ఏ చాలా సున్నితం. రక్తం తీసి ఊరికే ఉంచితే గంటల్లో లెక్కలు మారిపోతాయి. తీసిన వెంటనే దాన్ని స్థిరపరిచే ప్రత్యేకమైన ట్యూబులుంటాయి. ఆసుపత్రిలో తీసిన రక్తం పది నిమిషాల్లో ల్యాబ్‌కి చేరి, కాలనీలో తీసింది ఎండలో జీపులో మధ్యాహ్నం దాకా తిరిగితే, ఆ రెండింటి తేడా జీపుదా, మనుషులదా? అందుకే పీసీఆర్ చేసేవాళ్లు ఏమేం బయటపెట్టాలో 2009లోనే అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. నమూనా ఎట్లా నిల్వ చేశారో కూడా చెప్పమని అందులో ఉంది.

ఒప్పుకోలు గురించి వేరే చెప్పాలా? 2009లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే, ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకి హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల గిరిజన పిల్లలు చాలామంది. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టారని తేలింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అమెరికాలో హవాసుపాయ్ ఆదివాసులు షుగర్ పరిశోధన అనుకుని రక్తమిచ్చారు. దాన్ని తమకి చెప్పకుండా మానసిక వ్యాధుల మీద, తమ పూర్వీకుల వలసల మీద కూడా వాడారని తెలిసి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ మీద కేసు వేశారు. 2010లో 7 లక్షల డాలర్ల పరిహారంతో పాటు మిగిలిన రక్తం కూడా వెనక్కి తెచ్చుకున్నారు. ఒక చిన్న తెగ గట్టిగా నిలబడితే ఎంత జరుగుతుందో చూడండి.

"అయితే మీరు సైన్స్‌కి అడ్డం పడతారన్నమాట" అని కొందరంటారు. కాదు. మాకు కొలతలు ఎక్కువ కావాలి, తక్కువ కాదు. టీబీనే చూడండి. గిరిజనుల్లో అది మిగతా జనంకన్నా ఎక్కువ. 2010లో లండన్, దక్షిణాఫ్రికా రోగుల రక్తంలో టీబీ ఉన్నప్పుడు కొన్ని వందల జన్యువుల వ్యక్తీకరణ ఒక ప్రత్యేకమైన తీరులో మారుతుందని చూపించారు. తర్వాత మూడే జన్యువుల మీద, వేలి కొసన తీసిన చుక్క రక్తంతో పనిచేసే పరీక్ష తయారైంది. కఫం ఊయలేని పసిపిల్లలకి, ఆసుపత్రి దాకా పోలేని ముసలోళ్లకి ఇట్లాంటి పరీక్ష ఎంత మేలో ఆలోచించండి. కానీ ఏ అంకె దాటితే టీబీ అనే గీత ఎవరి రక్తం మీద గీశారు? పొగలో, నీళ్లలో, తరచూ వచ్చే జ్వరాల మధ్య బతికే యానాది రక్తంలో ఆ జన్యువులు టీబీ లేకుండానే ఎగిరితే, లేని జబ్బుకి నెలల తరబడి మందులు మింగిస్తారు. గీత ఇంకోవైపు జరిగితే, ఉన్న జబ్బుని లేదని ఇంటికి పంపుతారు. ఆ గీత మన జనాన్ని కూడా కొలిచాకే పడాలి. అందుకే మమ్మల్ని వదిలేయండి అనడం లేదు. సరిగ్గా కొలవండి అంటున్నాం.

2017 ఐసీఎంఆర్ నైతిక మార్గదర్శకాలు కూడా గిరిజనుల మీద పరిశోధన వాళ్లకి మేలు చేసేదైతేనే చెయ్యాలనీ, పెద్దల అనుమతి ఉన్నా ఒక్కొక్కరి ఒప్పుకోలు విడిగా తీసుకోవాలనీ అంటున్నాయి. అంటే మనం అడిగేది కొత్తదేం కాదు. రాసిపెట్టినదే.

కాబట్టి ఇది చదువుతున్న మీకు పని ఉంది. మీరు బయోటెక్ చదివే మన పిల్లలైతే, మీ థీసిస్‌లో మందు చెప్పిన తెగ పేరు, ఊరు పేరు వాళ్లనడిగి రాయండి. మీ గైడ్ అక్కర్లేదంటే, ఎలుక వివరాలు అక్కరొచ్చినప్పుడు ఇవెందుకు అక్కర్లేదని మర్యాదగానే అడగండి. మీరు ఎథిక్స్ కమిటీలో కూర్చునేవాళ్లైతే, గిరిజన కాలనీ నమూనాలున్న ఏ ప్రాజెక్టు వచ్చినా పని, పొయ్యి, తిండి వివరాలు నమోదు చెయ్యకుండా సంతకం పెట్టకండి. మీరు ఆశా కార్యకర్త అయితే, కాలనీ పెద్ద ఒక్కడి సంతకంతో అందరి రక్తం పోనివ్వకండి.

మీరు ఏ పదవీ లేని మామూలు మనిషైతే, మీ వీధిలోకి ఐస్ పెట్టె పట్టుకుని ఎవరైనా వచ్చినప్పుడు ఈ ఐదూ అడగండి, తెలుగులో జవాబు చెప్పమనండి:

1. మా రక్తంలో ఏం కొలుస్తారు? దాంతో ఇంకేదైనా చేస్తే మళ్లీ వచ్చి అడుగుతారా?
2. మమ్మల్ని ఎవరితో పోలుస్తారు? మా లాంటి పని, మా లాంటి తిండి ఉండి జబ్బు లేనివాళ్లు అందులో ఉన్నారా?
3. మా పొయ్యిని, మా బట్టీని, మా చెరువు నీళ్లని కూడా కొలుస్తారా?
4. ఫలితం మాకెప్పుడు చెబుతారు? జబ్బు తేలితే వైద్యం ఎవరు చేయిస్తారు?
5. మేం చెప్పిన మందు వల్ల రేపు డబ్బొస్తే, వాటా ఏ కాగితం మీద రాసిస్తారు?

ఐదింటికీ జవాబొస్తే చెయ్యి చాపండి. రాకపోతే, కాగితం రాసుకుని మళ్లీ రమ్మనండి.